ఎంబీబీఎస్ ఫస్టియర్‌ల ఉన్న మా చెల్లె కాలేజీ ఇడిసిపెడ్త అంటున్నది, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి

అడిగింది: చందంపేట అన్న

అందరికి నమస్తే. నేను హైదరాబాద్‌ల క్యాబ్ నడుపుత. మాది దేవరకొండ దిక్కు, చందంపేట మండలంల ఒక తండా. నా సదువు ఇంటర్ కాడనే ఆగింది. మెడికల్ కాలేజీ లోపటి సంగతులు నాకు తెల్వయి, అందుకే అడుగుతున్న.

మా చెల్లె ఎస్టీ కోటాల కన్వీనర్ సీటు కొట్టి సర్కారు మెడికల్ కాలేజీల చేరింది. ఏ కాలేజో చెప్ప, ఆమెకు ఇబ్బంది అయితది. పదో తరగతి దాకా జెడ్పీ స్కూల్ల తెలుగు మీడియం. ఇంటర్ గురుకులంల. తర్వాత నీట్‌కు లాంగ్ టర్మ్ కోచింగ్. మా తండాల నర్సు కోర్సు చేసినోళ్లున్నరు, ఒక టీచర్ సార్ ఉన్నడు, డాక్టరైతే ఇంతకు ముందు ఎవ్వరు లేరు. సీటొచ్చిందని మా బాపు డీజే పెట్టిచ్చిండు, పత్తి పైసలు చేతికి రాకముందే.

ఇప్పుడు సంగతేందంటే ఫిజియాలజీ ఇంటర్నల్ల ఫెయిలైంది. అనాటమీ అంచు మీద గట్టెక్కింది. "క్లాసుల అర్థమైతది అన్నా, వైవాల నోరు లేస్తలేదు" అంటది. సారు ప్రశ్న అడుగుతడు, జవాబు ఆమెకు తెలుగుల తడుతది, అది ఇంగ్లీషుల పేర్చుకునే లోపట సారు పక్క పిల్ల దగ్గరికి పోతడు. ఒకనాడు ఒక సారు బ్యాచ్ అందరి ముంగట "మీ వాళ్లకు సీటు ఈజీగ వస్తది, సదువు ఈజీగ రాదు" అన్నడట. ఆ రోజు నుంచి ఆఖరి వరుసల కూసుంటున్నది. హాస్టల్ల కొత్తగ ఎవరు కలిసినా పేరు కంటె ముందు ర్యాంకెంత అని అడుగుతరట. సీనియర్ల నోట్సు ఏదో వాట్సాప్ గ్రూపుల తిరుగుతదట, అండ్ల ఈమె లేదు.

తీజ్ పండుగకు గూడ రాలె. రికార్డులు రాసేదున్నది అన్నది. ఫోన్ల ఏడుస్తది, ఒక పూటనే తింటున్న అంటది. మొన్న చేసి, "అన్నా నేను బీఎస్సీ నర్సింగ్‌కు మారుత, నాతోని కాదు" అన్నది. మా ఇంట్ల ఇంకా ఎవ్వరికి చెప్పలె.

కొన్ని రోజులు ఇంటికి తోలుకొస్తే మంచిగుంటదా? బయట ట్యూషన్ పెట్టియ్యాలె అంటే అసొంటియి ఉంటయా, ఎంతయితది? ఆ సారు మీద కంప్లైంట్ ఇస్తే కావాలని ఫెయిల్ చేస్తరా? మెడికల్ల ఉన్న అన్నలు, అక్కలు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.

——

[ఈ సమాధానాన్ని నిర్వాహకులు తొలగించారు]

——

సమాధానం: పీహెచ్‌సీ మేడం

తమ్మీ, నాది గూడ తండానే, బాలానగర్ దిక్కు. ఇప్పుడు ఉమ్మడి నల్లగొండ జిల్లాల ఒక పీహెచ్‌సీల మెడికల్ ఆఫీసర్‌ని. పైన తీసేసిన కామెంట్ తీసెయ్యకముందే సదివిన, దాని సంగతికి తర్వాత వస్త.

ముందు తిండి, నిద్ర సంగతి. సదువు ముచ్చట ఆనక. ఒక పూటనే తింటున్న, ఏడుస్తున్న, పండుగకు రాలె, ఈ మూడు ఒక్క కాడ చెప్పినవు సూడు, ఫోన్ల ధైర్యం చెప్పి ఊకునేది కాదు ఇది. క్యాబ్ బంద్ పెట్టి పో. పోయి సదువు గురించి అడగకు, బయటికి తీస్కపోయి తినిపియ్యి. బతకాలనిపిస్తలేదు అన్నట్టు ఒక్క మాటన్న అంటే ఒక్కదాన్ని ఇడిసి రాకు. టెలి మానస్ అని 14416 నంబరున్నది, పైసలు కావు, రాత్రి పగలు తెలుగుల మాట్లాడుతరు. కాలేజీల సైకియాట్రీ డిపార్ట్‌మెంట్ గూడ ఉంటది, అక్కడికి పోయినందుకు సిగ్గుపడేదేం లేదు. 2019ల ముంబైల పాయల్ తడ్వి అనే ఆదివాసీ డాక్టరు పీజీ చేసుకుంట ప్రాణం తీసుకున్నది, సీనియర్లు కులం పేరు మీద ఏపుకతిన్నరని కేసయింది. నిన్ను బెదిరిచ్చుడు కాదు. సప్పుడు చెయ్యకుంట ఉన్న పిల్లను "అదే సర్దుకుంటది" అని ఇడిసిపెట్టొద్దని చెప్పుతున్న.

ఇంటికి తోలుకొచ్చుడు: ఆదివారం, దానికి కలిసొచ్చే ఒక సెలవు, అంతే. అంతకు మించి వద్దు. అటెండెన్స్ పోతది, తిరిగి పోవాలంటే కాలు పడది.

ట్యూషన్ అవసరం లేదు. ఆన్‌లైన్ కోర్సులు వేలకు వేలు పెట్టి కొనకు, ఫస్టియర్‌కు అస్సలే వద్దు. ఆమెకు సబ్జెక్టు వస్తది. రానిది నోటితోని చెప్పుడు. అది వేరే పని, దానికి వేరే సాధన. నేను ఎట్ల చేసిననో చెప్త.

వైవాల తొంభై పాళ్లు మొదటి రెండు వాక్యాలే నడిపిస్తయి. ప్రతి టాపిక్‌కు ఆ రెండు వాక్యాలు ఇంగ్లీషుల గట్టిగ, పైకి అనుకుంట నేర్సుకోవాలె. కండ్లతోని సదివితే రాదు. తర్వాతియి బొమ్మ గీసుకుంట చెప్పాలె. కిడ్నీ అడిగిండ్రనుకో, కాయిదం అడిగి తీసుకొని నెఫ్రాన్ (కిడ్నీల రక్తం వడపోసే సన్న గొట్టం) గియ్యాలె. గీస్తుంటే మాట దానంతట అదే వస్తది. నిమిషానికి 125 ఎంఎల్ వడపోత, రోజుకు 180 లీటర్లు, మూత్రంగ బయటికొచ్చేది లీటరున్నర, మిగిలినదంత మళ్ల లోపలికే. ఈ లెక్క అప్పజెప్పినోనికి ఇంగ్లీషు గ్రామర్ ఎవ్వరు చూడరు. ఆక్సిజన్ కర్వ్ (రక్తం ఆక్సిజన్‌ను ఎంత పట్టుకుంటదో చూపే గీత) అడిగితే గీత గీసి కుడి దిక్కు బాణం పెట్టి కార్బన్ డయాక్సైడ్, వేడి, యాసిడ్, 2,3-బీపీజీ అని నాలుగు మాటలంటే సగం మార్కులు పడ్డట్టే. ముందు మన గోర్‌బోలిలనో (లంబాడ భాష) తెలుగులనో తనకు తనే చెప్పుకోవాలె, ఆనక ఇంగ్లీషుల. నేను హాస్టల్ డాబా మీద పచార్లు కొట్టుకుంట చెప్పుకునేదాన్ని, పిస్సలేసింది అనుకున్నరు. అనుకోనీ.

నోట్సు గ్రూపు ముచ్చట. ఇది చిన్నగ అనిపిస్తది గని అసలు తేడా ఇక్కడనే ఉన్నది. అమ్మనాయినలు డాక్టర్లు అయిన పిల్లలకు ఏ సారు ఏమడుగుతడు, ఏ చాప్టర్ ఇడిసిపెట్టొచ్చు, ఎముకల సెట్టు ఎవరి దగ్గర సగం ధరకు దొరుకుతది, ఇవన్ని ఇంట్లనే తెలుస్తయి. మన పిల్లలకు ఇంట్ల దొరికేది డీజే. (బాపును ఏమనకు, మా నాయిన మేకను కోసిండు.) అందుకే సీనియర్లల్ల గురుకులం నుంచి వచ్చినోళ్లను, తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్లను ఎతకమను. ప్రతి బ్యాచ్‌ల ఉంటరు, బయటికి చెప్పుకోరు. ఒక్కలు దొరికితే చాలు, నోట్సు, పాత ప్రశ్నలు, ఎముకలు అన్ని వాళ్ల ఎంబడి వస్తయి.

ఇగ "మీ వాళ్లకు ఈజీ" అన్న మాట. తీసేసిన కామెంట్‌ల గూడ ఇదే ఉన్నది. లెక్క చూడు. మన రాష్ట్రంల ఎస్టీ కోటా 2022 దాకా 6 శాతం, ఆ తర్వాత 10. 150 సీట్ల కాలేజీల 15 శాతం ఆలిండియాకు పోతే మిగిలిన దాంట్ల పదో వంతు, అంటే పన్నెండో పదమూడో. కోటా ఉన్నది ఆ తలుపు దాకనే. లోపటికి పోయినంక పాస్ మార్కు అందరికి ఒక్కటే. యూనివర్సిటీ పేపర్ మీద కోడ్ నంబరుంటది గని కులం ఉండది. ఆమె రేపు పాసైతే కోటాల పాసైంది అనెటందుకు ఎవ్వనికి ఛాన్స్ లేదు. ఈ ముక్క ఆమెకు గట్టిగ చెప్పు.

నేను సదివే కాలంల ఉమ్మడి పాలమూరుల సర్కారు మెడికల్ కాలేజే లేకుండె. మహబూబ్‌నగర్‌ల 2016ల వచ్చింది. నల్లగొండ, సూర్యాపేట 2019ల. నాగర్‌కర్నూల్, వనపర్తి 2022ల. గద్వాల, నారాయణపేట 2024ల. బిల్డింగులైతే లేసినయి, సీట్లు పెరిగినయి, మంచిదే. లోపట కూసున్న పిల్ల వైవాల నోరు తెరిచేటట్టు చేసుడు ఎవరి పని అంటే మాత్రం ఎవ్వలు మాట్లాడరు. సర్కారు సీటు ఇచ్చిన్నాడే తన పని అయిపోయింది అనుకుంటది. నేను చూసిన కాడికి మన పిల్లలు పడిపోయేది మొదటి ఏడాదే. అది దాటినోళ్లు వార్డులకు పోయినంక మిగితా అందరి కంటె ముందుంటరు, ఎందుకంటే పేషెంట్ మాట్లాడేది వాళ్లకు తెలుస్తది.

ఇది ఎందుకు చెప్తున్న అంటే, నా ఓపీ సంగతి చెప్త. గర్భిణులకు ఐరన్ గోలీలు రోజుకొకటి, 180 రోజులు ఇస్తం. రిజిస్టర్ల అన్ని ఇచ్చినట్టు ఉంటది, రక్తం చూస్తే ఏడు, ఎనిమిది. తెలుగుల అడిగితే "ఏసుకుంటున్న మేడం" అంటరు. గోర్‌బోలిల పక్కకు కూసుండబెట్టుకొని అడిగితే అసలు మాట వస్తది: దొడ్డికి నల్లగ వస్తున్నది, లోపట బిడ్డకు ఏమన్నయితదేమో అని అత్త పారబోయించింది. నల్లగ వచ్చుడు ఆ మందు గుణమే, భయం లేదు, చాయ్ తోని మాత్రం ఏసుకోవద్దు, అన్నం తిన్న గంటకు ఏసుకో అంటే ఏసుకుంటది. దీనికి పెద్ద సదువేం అక్కరలేదు. నమ్మి చెప్పుకునే మనిషి కావాలె.

టీబీ ఇంకో గోస. మందులు ఆరు నెలలు. రెండు నెలలకు దగ్గు తగ్గుతది, బరువు పెరుగుతది, మనిషి సెంట్రింగ్ పనికి పుణె పోతడు. డబ్బాలు ఇంట్లనే ఉంటయి. నిక్షయ్ నంబరు (టీబీ పేషెంట్ పేరు రాసుకున్నప్పుడు సర్కారు ఇచ్చే నంబరు) ఉంటే దేశంల యాడన్న సర్కారు దవాఖాన్ల మందులు తీసుకోవచ్చు, నెలకు వెయ్యి రూపాయలు పోషణకు అకౌంట్ల పడ్తయి (2024 నవంబర్ దాకా ఐదు వందలుండె). ఇది ఆయనకు ఎవరు చెప్పాలె, ఎప్పుడు చెప్పాలె? పోయేముందు చెప్పాలె. పోతున్నడని మనకు తెల్వాలంటే ఆయన భార్య మనతోని మాట్లాడాలె. ఏ నెలల తండా ఖాళీ అయితదో, ఏ మేస్త్రి ఎటు తీస్కపోతడో తండాల పుట్టినదానికి ఎవ్వలు చెప్పకుండనే తెలుస్తది.

మర్రిగూడ దిక్కు పనిచేసినప్పుడు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి చూసిన. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పనికిరాదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినంక చిన్న పిల్లల పండ్లు చాన మేలు. అయినా చేనుకాడికి పోతే బోరు నీళ్లే తాగుతరు. "మరగబెట్టే తాగుతున్నం మేడం" అని ధీమాగ చెప్తరు. మరగబెడ్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కగైతది. ఇది ఎన్ని క్యాంపులల్ల చెప్పిన్నో.

అయితే ఒక మాట. ఇదంత విని "నువ్వు డాక్టరై మన తండాకే సేవ చెయ్యాలె" అని ఆమె నెత్తిన పెట్టకుండ్రి. డాక్టర్ల పిల్లలను ఎవ్వరు "మీ ఊరికి ఏం చేస్తవు" అని అడగరు. మన పిల్లలను సీటొచ్చిన తెల్లారే అడుగుతరు. ఆమె హార్ట్ డాక్టరై బంజారాహిల్స్‌ల కూసున్నా నాకు సంతోషమే. నేను పీహెచ్‌సీల ఉన్నది గూడ ఉత్త సేవ కోసమేం కాదు, ఇక్కడ పనిచేస్తే పీజీకి ఇన్‌సర్వీస్ కోటా ఉన్నది, ఇంటికి దగ్గర. ఈ పని నచ్చింది, అది వేరే.

అట్లనే తండాల ఎవరన్న ఆమెకు వాట్సాప్‌ల గోలీల ఫోటోలు పెట్టి "ఇది దేనికి" అని అడుగుతున్నరా? కచ్చితంగ అడుగుతుంటరు. బంద్ పెట్టియ్యి. ఫస్టియర్ పిల్లకు మందుల సబ్జెక్టే ఇంకా మొదలు కాదు. తెల్వదంటే "మరి ఏం సదువుతున్నవు" అంటరు, అది ఇంకో దెబ్బ.

——

సమాధానం: కమ్యూనిటీ మెడిసిన్ మాస్టారు

మేడం గారు చెప్పిన దాంట్లో నేను కొత్తగా చేర్చేది తక్కువ. ఒక సర్కారు కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి నిబంధనల వరకు చెప్తాను.

ఇంటర్నల్‌లో ఒక్కసారి ఫెయిలవడం వల్ల ఏమీ మునిగిపోలేదు. ఏడాది పొడవునా జరిగే పరీక్షలన్నీ కలిపి చూస్తారు. థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా 40 శాతం, రెండూ కలిపి 50 శాతం ఉంటే యూనివర్సిటీ పరీక్ష రాయనిస్తారు. తక్కువ వచ్చినవాళ్లకు కాలేజీ అదనంగా నేర్పి మళ్లీ పరీక్ష పెట్టాలి, ఇది దయ కాదు, నిబంధనే. యూనివర్సిటీ పరీక్ష తప్పినా సప్లిమెంటరీలో పాసైతే అదే బ్యాచ్‌తో సాగుతుంది. మొదటి ఏడాదికి మొత్తం నాలుగు అవకాశాలు. హాజరు మాత్రం థియరీలో 75, ప్రాక్టికల్స్‌లో 80 శాతం ఉండాలి. మా దగ్గర పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే: క్లాసులో కూర్చోలేక మానేస్తారు, హాజరు తగ్గుతుంది, అప్పుడు నిజంగానే పరీక్ష పోతుంది.

ఫిర్యాదు గురించి. యూజీసీ ర్యాగింగ్ నిబంధనల్లో 2016లో చేసిన సవరణ ప్రకారం కులం, మతం, ప్రాంతం పేరుతో విద్యార్థిని వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగే. మెడికల్ కమిషన్‌కు 2021 నుంచి సొంత నిబంధనలు ఉన్నాయి. తోటి విద్యార్థులు అయితే 1800-180-5522కు ఫోన్ చేయవచ్చు. అధ్యాపకుడు అయితే దారి వేరు. ప్రతి విద్యార్థికీ ఒక మెంటర్‌ను కేటాయిస్తారు, ఆ జాబితా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో ఉంటుంది. మెంటర్ మంచివారైతే వారి ద్వారా, కాకపోతే ఎస్సీ ఎస్టీ సెల్ ద్వారా ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. కావాలని ఫెయిల్ చేస్తారా అన్నారు. థియరీ పేపర్లు దిద్దేది యూనివర్సిటీ, ప్రాక్టికల్స్‌కు బయటి ఎగ్జామినర్లు వస్తారు, ఒక్క మనిషి చేతిలో ఏమీ ఉండదు. అయినా ఇంటర్నల్ మార్కుల భయం పిల్లలకు ఉంటుంది, అది అబద్ధం అని నేను అనలేను. కాబట్టి ఏ రోజు, ఏ క్లాసు, ఎవరి ముందు, ఏ మాట అన్నారో ఇప్పుడే ఒక కాగితం మీద తేదీతో రాసి పెట్టుకోమనండి. ఇవ్వాలా వద్దా తర్వాత తనే తేల్చుకుంటుంది. మీరు ఆవేశంతో వెళ్లి గొడవ చేయొద్దు.

ఇంకొకటి. మొదటి ఏడాది నుంచే కుటుంబ దత్తత కార్యక్రమం కింద పిల్లల్ని పల్లెలకు తీసుకెళ్తాం. క్లాసులో నోరు మెదపని పిల్లలు అక్కడ గడప దాటి లోపలికి వెళ్లి పిల్లాడికి టీకాలు వేశారా, పొయ్యి ఎక్కడ, నీళ్లు ఎక్కడివి అని మొత్తం కూపీ లాగుతుంటే, ర్యాంకర్లు నోట్‌బుక్ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటారు. మీ చెల్లెలికి ఆ పోస్టింగ్ ఎప్పుడో కనుక్కోండి. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు ఆమెను గుర్తుపడతారు, ఆ గుర్తింపు ఫిజియాలజీలో కూడా పనికొస్తుంది.

——

సమాధానం: పాత పాలమూరు పిల్ల

అన్నా, నేను ఫైనలియర్. పాలమూరు టౌన్, ఇంట్ల ఉర్దూ. 2016ల మైనారిటీ గురుకులాలు తెరిచినప్పుడు ఏడో తరగతిల చేరిన, బీసీ-ఈల (వెనుకబడిన ముస్లింల కోటా) సీటొచ్చింది. ఆ నాలుగు శాతం మీద గూడ ఇసొంటి డైలాగులే వింటం, కాబట్టి మీ చెల్లె ఒక్కతే అనుకోవద్దు.

ర్యాంకెంత అని అడిగితే నేను "నీట్ పెట్టే ఎన్‌టీఏ వాళ్లను అడుగు, వాళ్ల దగ్గర రాసిపెట్టి ఉన్నది" అనేదాన్ని. రెండు మూడు సార్లకు అడుగుడు మానిండ్రు.

పనికొచ్చిన ముచ్చట: ఒక పార్ట్‌నర్. నాకు వనపర్తి దిక్కు నుంచి వచ్చిన ఎస్సీ పిల్ల జత దొరికింది. ఆమెకు బయోకెమిస్ట్రీ సైకిళ్లు (ఒంట్ల జరిగే రసాయన చర్యల చక్రాలు) నీళ్లు తాగినంత ఈజీ, నాకు అనాటమీ. రాత్రి మెస్ అయినంక ఒకరు ఎగ్జామినర్, ఒకరు క్యాండిడేట్. ఎగ్జామినర్ కోపంగ మాట్లాడాలె, మధ్యల ఆపాలె, ఫోన్ చూసుకోవాలె, అదే రూలు. నవ్వొచ్చేది మస్తు. నెల అయినంక నిజం సార్లు మెత్తగ అనిపిచ్చిండ్రు. ఫోన్ల రికార్డు చేసుకొని వింటే "అంటే… అంటే…" అని ఎన్నిసార్లు అంటున్నమో తెలుస్తది.

డౌట్లు పెద్ద ప్రొఫెసర్లను అడగొద్దు మొదట్ల. ట్యూటర్లు ఉంటరు, వాళ్లు మొన్న మొన్ననే పాసైనోళ్లు, ఓపికగ చెప్తరు. డిసెక్షన్ హాల్ల పనిచేసే పెద్దమనిషిని గూడ సలాం కొట్టి మంచిగ మాట్లాడితే సాయంత్రం ఎముకలు చూపిస్తడు. మా దగ్గర ఆయనకు తెల్వని నరం లేకుండె.

అన్నా, ఆమెకు నంబర్ కావాలంటే నాకు మెసేజ్ పెట్టు. ఆమె చేస్తేనే మాట్లాడుత, నువ్వు ఇయ్యకు.

——

సమాధానం: అమ్రాబాద్ ఏఎన్ఎం

అందరు మంచిగ చెప్పిండ్రు. నాకు ఒక్క కాడ మనసుకు తగిలింది. "నర్సింగ్‌కు మారుత" అంటే అందరు అదేదో పడిపోయినట్టు మాట్లాడుతున్నరు. తమ్ముడూ, మీ తండాల నర్సులున్నరు అని నువ్వే రాసినవు. వాళ్లు ఏం చేస్తున్నరో ఒకసారి అడుగు. భయపడి ఇడిసిపెడ్తే తప్పు, నచ్చి పోతే తప్పు లేదు. ఈ రెండింట్ల ఏదో ఆమెనే చెప్పాలె, ఇప్పుడు కాదు, పరీక్షలైనంక.

రెండోది మేడంకు. కోటా లెక్క మంచిగ చెప్పిండ్రు. మా దిక్కు నల్లమల లోపట చెంచు పెంటలల్ల (చెంచోళ్ల గూడేలల్ల) పది దాటుడే గండం. అప్పాపూర్, భౌరాపూర్ దిక్కు వానకాలం పోవాలంటే అడవి తొవ్వల బండి దిగబడ్తది. 2023 నవంబర్‌ల ఆదిమ తెగల కోసం కేంద్రం పెట్టిన పీఎం జన్‌మన్ పథకం వచ్చినంక మొబైల్ మెడికల్ యూనిట్ల మాట వింటున్నం, మంచిదే, గని వ్యాన్ పోయినంక మళ్ల వచ్చేదాక నడుమ ఉన్న రోజులు ఎవరియి? అదే 10 శాతంల చెంచు పిల్ల గూడ ఉన్నది, మైదానం తండా పిల్ల గూడ ఉన్నది. లాంగ్ టర్మ్‌కు ఏడాది కూసుండబెట్టే ఇల్లు చెంచోళ్లకు యాడిది? గొడవ పెట్టెటందుకు అంటలేను. మాట్లాడేటప్పుడు వాళ్లను గూడ యాది చేయండి అంటున్న.

——

పీహెచ్‌సీ మేడం: అక్కా, నర్సింగ్ మాట ఒప్పుకుంటున్న. నా పీహెచ్‌సీ నడిచేదే స్టాఫ్ నర్సు మీద. చెంచుల మాట గూడ నిజమే, ఎస్టీ అనంగనే మా లంబాడోళ్లమే ముంగట కనబడ్తం. ఒక్క ఎంబీబీఎస్ సీటు కంటె ముందు అక్కడ హాస్టల్ల ఉండి పది పాసయ్యే పిల్లలను నిలబెట్టాలె. దీని మీద వేరే ప్రశ్న పెట్టుండ్రి, నేను వచ్చి రాస్త.

——

చందంపేట అన్న (అడిగినవారు):

అందరికి మొక్కుతున్న. ఆదివారం పోయొచ్చిన. మేడం చెప్పినట్టు సదువు ముచ్చట తియ్యలె. బిర్యానీ తిన్నది, నాలుగు బుక్కలు తిని ఆపి, మళ్ల తిన్నది. చావు గీవు మాట ఏం లేదు, అడిగిన సూటిగనే. "గంత దూరం పోలె అన్నా, నిద్రనే వస్తలేదు" అన్నది. సైకియాట్రీ ఓపీకి పోత అన్నది గని కాలేజీ దాంట్ల కాదు, ఎవరన్న చూస్తరని. మంగళవారం నేనే వేరే కాడికి తీస్కపోత.

పాస్ మార్కు అందరికి ఒక్కటే అన్న ముక్క చెప్పిన. ఏమనలే గని మళ్ల ఒకసారి చెప్పమన్నది. కంప్లైంట్ ఇప్పుడు వద్దంటున్నది, తేదీతోని రాసిపెట్టుకున్నది. మెంటర్ ఎవరో ఆమెకు తెల్వనే తెల్వదు, సోమవారం బోర్డు చూస్త అన్నది. పాలమూరు చెల్లె నంబర్ ఇచ్చిన… అయ్యో, ఇయ్యకు అన్నవు గదా, నీ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఇచ్చిన, ఆమెనే చేస్తదట.

గోలీల ఫోటోల సంగతి నిజం. మా పెద్దనాయిన కొడుకు బర్రె మందు ఫోటో గూడ పెట్టిండు. తండా గ్రూపుల గట్టిగనే రాసిన, ఇద్దరు అలిగిండ్రు.

ఇంకో సంగతి ఇప్పుడే బయటపడ్డది. మెస్ బిల్లు బాకీ ఉన్నదట, స్కాలర్‌షిప్ పైసలు ఇంకా పడలేదట. కాలేజీ ఫీజు ఏడాదికి పదివేలే గని మెస్, పుస్తకాలు, ఏప్రన్లు కలిపి చాన అయితున్నది. ఒక పూట తినేది అందుకేనేమో అని నాకు అనుమానం, నన్ను అడగలేక. స్కాలర్‌షిప్ సైటు ఈపాస్‌ల ఏం చూడాలె? బాపుకు ఏం చెప్పాలె?

——

పీహెచ్‌సీ మేడం:

మెస్ బాకీ ఈ రోజే కట్టు, అప్పు చేసన్న కట్టు. స్కాలర్‌షిప్ అటెన్క సంగతి. అది ఆలస్యం అయితనే ఉంటది, దాన్ని నమ్ముకొని తిండి ఆపొద్దని ఆమెకు చెప్పు.

ఈపాస్‌ల అప్లికేషన్ నంబర్ ఏసి స్టేటస్ చూడు. కాలేజీ లాగిన్ల ఆగిందా, సంక్షేమాధికారి దగ్గర ఆగిందా కనబడ్తది. కాలేజీల ఆగితే వేలిముద్ర, అటెండెన్స్ పెండింగ్ ఉండొచ్చు, స్కాలర్‌షిప్ సెక్షన్ క్లర్క్‌ను ఆమెనే కలవాలె. బ్యాంక్ అకౌంట్‌కు ఆధార్ లింకయిందో లేదో చూడండి, సగం మందివి అక్కడనే ఆగుతయి. ఆదాయం సర్టిఫికెట్ పాతదైతే మీసేవల కొత్తది తీస్కో. వచ్చే ఏడాది మళ్ల రెన్యువల్ చెయ్యాలె, ఆ తేదీ నీ ఫోన్ల పెట్టుకో, ఆమె పరీక్షలల్ల మర్సిపోతది.

పుస్తకాలు కొత్తయి కొనకు. నేను పీజీ ఎంట్రన్స్ అయినంక అటకెక్కించినయి ఉన్నయి, పాత ఎడిషన్ అయినా ఫస్టియర్‌కు చాలు. దేవరకొండ బస్సుకు పంపుత, కండక్టర్‌కు ఛార్జీ నువ్వు ఇయ్యి.

బాపుకు ఫెయిలైన సంగతి చెప్పు, దాచకు. వేరే ఎవలో చెప్తే ఇంకా పెద్దగ అయితది. "ఒక పరీక్ష పోయింది, మళ్ల పెడ్తరు, రాస్తది" అను, చాలు. ఫిజియాలజీ అంటే ఏంది అని అడగడు లే.